విమానం ముందు విస్తరి

పండక్కి పిల్లలు విదేశాల నుంచి వస్తారు. పదిహేను రోజులో, మూడు వారాలో ఉండి వెళ్లిపోతారు. వెళ్లే ముందు చుట్టాలందరినీ పిలిచి ఒక పెద్ద భోజనం పెట్టడం ఇప్పుడు చాలా ఇళ్లలో ఆనవాయితీ అయింది. ఆ భోజనం ఎవరి కోసం, ఎప్పుడు పెట్టాలి, ఎంతమందితో అన్నది మాత్రం ఎవరూ కూర్చుని మాట్లాడుకోరు. ఇక్కడ ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

అక్కది పాలకొల్లు. కొడుకు డాలస్‌లో ఉంటాడు. భార్యనూ ఆరేళ్ల కూతురినీ తీసుకుని 2026 సంక్రాంతికి వచ్చాడు. ముక్కనుమ వెళ్లిన మర్నాడు తిరుగు ప్రయాణం. తమ్ముడు బ్యాంకులో పనిచేసి రిటైరై హైదరాబాద్‌లో ఉంటున్నాడు. ఆయన కూతురిది మెల్‌బోర్న్‌లో ఉద్యోగం. భోగి నాడు పెరటి వసారాలో ఇద్దరికీ మాట మొదలైంది.

తమ్ముడు: ప్రయాణం రోజు మధ్యాహ్నం నలభై మందికి భోజనాలు చెప్పావట, నిజమేనా అక్కా?

అక్క: నిజమే. నలభై అనుకున్నాను, యాభై అవుతారు. మీ బావగారి తరఫు వాళ్లను వదిలేస్తే ఊరుకుంటారా?

తమ్ముడు: ఆ సాయంత్రం వాడు నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. మర్నాడంతా హైదరాబాద్‌లో, ఆ రాత్రి శంషాబాద్‌లో విమానం. నువ్వేమో ఆ రోజు నాలుగింటికే లేచి పొయ్యి దగ్గర చేరతావు. పన్నెండింటికి మొదటి బంతి, ఒంటిగంటన్నరకు రెండో బంతి, ఆ తర్వాత ఆడవాళ్లు. నువ్వు విస్తరి ముందు కూర్చునేసరికి వాడు పెట్టెకు తాళం వేస్తుంటాడు. ఇక కొడుకు మొహం చూసేదెప్పుడు?

అక్క: వండుతుంటే వాడి మొహం చూసినట్టే నాకు. ఏ కూర ఎవరికిష్టమో తలుచుకుంటూ వండుతాను. ఆ పని మానేసి హాల్లో వాడి ఎదురుగా కూర్చోమంటావా? కూర్చుంటే ఏడుపొస్తుంది.

తమ్ముడు: ఏడుపొస్తే రానీ. వాడు వచ్చి ఎన్నాళ్లయింది? మొదటి నాలుగు రోజులూ రాత్రి మెలకువ, పగలు నిద్ర. ఆ తర్వాత వీసా స్టాంపింగుకని హైదరాబాద్ వెళ్లొచ్చాడు. బ్యాంకులో కేవైసీ, పిల్లకు తిరుపతిలో మొక్కు, నువ్వు చెప్పిన చుట్టాలిళ్లు. తీరిగ్గా మీ ఇద్దరితో కూర్చున్నది ఎప్పుడు? పండగ రోజులు పోగా మిగిలిందే ఆ ఒక్కరోజు. దాన్ని కూడా షామియానా కింద పెట్టేశావు.

అక్క: వాడు నాకు ఒక్కదానికే కొడుకా? నేను బడికి పాఠాలు చెప్పడానికి వెళ్తే వాడికి అన్నం కలిపి పెట్టింది మా తోడికోడలు. ఇంజనీరింగ్ ఫీజు కట్టాల్సిన ఏడు మీ బావగారి చెల్లెలు గాజులు తీసి ఇచ్చింది. వాళ్లు పెట్టినప్పుడు అందరిదీ, తినిపించేటప్పుడు నా ఒక్కదానిదీనా? గుమ్మం మూసి నలుగురం తింటే అది న్యాయం కాదు.

తమ్ముడు: న్యాయం కాదనను. కానీ మన భోజనాలు ఎటు పోతున్నాయో చూస్తున్నావుగా. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించారు. అప్పటి నుంచి ప్రతి పండక్కీ ఎన్ని రకాలు పెట్టారన్నదే వార్త. తినేవాడు పాపం ఏది ముట్టుకోవాలో తెలియక ఫొటోకి కూర్చుంటాడు. విదేశాల నుంచి వచ్చిన పిల్లల భోజనాలకూ ఆ గాలి సోకింది. వాడిని మధ్యలో కూర్చోబెట్టి అందరూ చూడటం.

అక్క: నా వంట సంగతి నీకు తెలీదా? ముద్దపప్పు, పండగ గుమ్మడికాయతో ముక్కల పులుసు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, గోంగూర పచ్చడి. గారెలూ నాటుకోడీ కావాలన్నవాళ్లకు అవి. తీపికి బూరెలు. అంతకు మించి ఒక్కటి చెయ్యను. చూపించుకోవడానికి కాదురా, కలవడానికి పిలిచాను.

తమ్ముడు: కలవడానికి ఫోనుంది కదా. ఆదివారం ఆదివారం వీడియోలో మాట్లాడుతూనే ఉన్నాడు.

అక్క: అక్కడే పొరబడుతున్నావు. ఫోన్లో మాట్లాడేది మా ఇద్దరితోనే. మనకు పొద్దున్న ఎనిమిదయితే వాడికి ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. పిల్లను పడుకోబెట్టే వేళ, ఓ పావుగంట దొరుకుతుంది. అందులో వాళ్ల పెద్దమ్మతో ఏం మాట్లాడతాడు, మేనత్తతో ఏం మాట్లాడతాడు? ఫోను వచ్చాక బిడ్డకు అమ్మా నాన్నే మిగిలారు, మిగతా చుట్టరికమంతా పేర్లుగా మారిపోయింది. మన అమ్మమ్మ చెప్పేది గుర్తుందా? కాకినాడ రేవులో రంగూన్ ఓడ ఎక్కే మనిషి ఉన్నాడంటే ముందురోజు వీధంతా ఆ ఇంట్లోనే తినేదట. మళ్లీ చూస్తామో లేదో అని. 1942లో జపాన్ వాళ్లు బర్మా మీద పడితే అడవుల్లో నడుచుకుంటూ తిరిగొచ్చినవాళ్లున్నారు, రానివాళ్లున్నారు. రానివాళ్ల గురించి చెప్పుకోవడానికి ఆ వీధికి మిగిలింది ఆ భోజనమే.

తమ్ముడు: ఆ రోజులు వేరక్కా. ఇప్పుడు ఒకరోజులో వచ్చి వాలగలరు.

అక్క: వాలగలరా? 2021 మే నెలలో మా మావగారు పోయారు. అప్పుడు ఇక్కడి నుంచి అమెరికా వెళ్లేవాళ్ల మీద ఆంక్షలు పెట్టారు. వస్తే మళ్లీ ఎప్పుడు వెళ్లనిస్తారో తెలియదు. వాడు రాలేదు. తాతయ్య దహనం ఫోన్లో చూశాడు. వాడికి తాతయ్యతో మిగిలిన చివరి జ్ఞాపకం 2020 సంక్రాంతి తర్వాత ఇదే పెరట్లో పెట్టిన భోజనం. పక్కపక్కన కూర్చున్నారు. ఆయన తన విస్తట్లో బూరె తీసి వీడి విస్తట్లో వేశాడు. ఆ రోజు నలుగురమే తినుంటే అది కూడా ఉండేది కాదు.

తమ్ముడు: ఈ బరువే నేను చెప్తున్నది. ప్రతి భోజనాన్నీ చివరిచూపు చేసేస్తున్నాం. వాడి విస్తరి చుట్టూ చేరి అందరూ ఒకటే అడుగుతారు. మళ్లీ ఎప్పుడొస్తావు, గ్రీన్ కార్డు వచ్చిందా, రెండో బిడ్డ ఎప్పుడు. వాడేం చెప్పగలడు? ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశం వాళ్లకూ ఏడాదికి 7 శాతం దాటకూడదని అక్కడి చట్టం. మనవాళ్లు లక్షల మంది వరసలో నిలబడ్డారు. వాడి వంతు ఎప్పుడొస్తుందో వాడికే తెలీదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని ప్రకటన వచ్చిన రోజు ఎలా ఉందో గుర్తుందా? పాత వీసాలకు అది వర్తించదని తేల్చి చెప్పేలోపే, సెలవు మీద ఇళ్లకొచ్చిన ఎంతోమంది ఉన్నపళంగా టికెట్లు కొనుక్కుని పరిగెత్తారు. అలాంటి బతుకు బతికే పిల్లాడిని, నోట్లో ముద్ద ఉండగా, ఎప్పుడొస్తావని అడిగితే ఆ ముద్ద దిగుతుందా?

అక్క: దిగదు. తెలుసు నాకు. కానీ మా తోడికోడలికి డెబ్బై నాలుగేళ్లు. హెచ్-1బి అంటే ఆవిడకేం తెలుసు? ఎప్పుడొస్తావన్నది ఒక్కటే ఆవిడకు వచ్చిన ముద్దు మాట. అది కూడా అడగొద్దంటే ఇంకేం అడుగుతుంది? డాలస్‌లో వాతావరణం ఎలా ఉందనా?

తమ్ముడు: నేను జగిత్యాలలో పనిచేసిన రోజుల్లో గల్ఫ్ వెళ్లే మనుషుల్ని చాలామందిని చూశాను. డబ్బు పంపించే ఖాతాల పని మీద బ్యాంకుకు వచ్చేవాళ్లు. దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఒక గదిలో ఎనిమిది మంది ఉంటూ వంతులు వేసుకుని వండుకుంటారు. రెండేళ్లకోసారి ఇంటికొస్తారు. ఒకాయన నాతో అన్న మాట మర్చిపోలేదు. అక్కడ రోజూ పదిమందికి వండిపెడతాను సార్, ఇంటికొస్తే మా అమ్మ మంచినీళ్లు కూడా నన్ను ముంచుకోనివ్వదు, నా ఇంట్లో నేను చుట్టాన్నయిపోయాను అన్నాడు. వెళ్లే ముందురోజు రాత్రి కోడి కోసి, చుట్టూ కూర్చుని తినమంటుంటే పారిపోవాలనిపించిందట.

అక్క: పాపం. కానీ తల్లి మాత్రం ఏం చేస్తుంది? రెండేళ్లకు వచ్చిన కొడుకుతో గిన్నెలు తోమిస్తుందా?

తమ్ముడు: ఎందుకు తోమించకూడదు? నీ కొడుకు డాలస్‌లో ఏం చేస్తాడు? ఆదివారం దోసెల పిండి రుబ్బేది వాడే. పిల్లకు జడ వేసేదీ వాడే. ఇక్కడికొచ్చాక తిన్న కంచం కూడా తియ్యనివ్వట్లేదు నువ్వు. నిన్న చూశాను, లేచి కంచం పట్టుకోగానే నువ్వే పరిగెత్తుకొచ్చి లాక్కున్నావు. మోకాళ్ల నొప్పులు నీకు, కుర్చీ వాడికి.

అక్క: చుట్టాల ముందు మగపిల్లాడు ఎంగిలాకులు ఎత్తితే ఏమనుకుంటారు?

తమ్ముడు: ఏమీ అనుకోరు. కిందటేడు మా అమ్మాయి వచ్చినప్పుడు మేడ మీద భోజనాలు పెట్టాం. వడ్డన చేసేవాళ్లు ఆలస్యమైతే అది లేచి పప్పు గిన్నె అందుకుంది. వద్దంటే వినలేదు. రెండో బంతి మొత్తం అదే తిరిగింది. చివర కూర్చున్న మన చిన్న తమ్ముడి దగ్గరకెళ్లి చారు పోస్తుంటే వాడు గ్లాసు పట్టుకోవడానికి ఎడమచెయ్యి చాపాడట. కుడిచెయ్యి ఒళ్లోంచి తియ్యలేదు. విస్తరి అంచు పొడుగునా మెతుకులు రాలి ఉన్నాయి. ఎప్పుడూ మారు అడిగి తినే మనిషి, పెరుగు రాకముందే విస్తరి మడిచి లేచిపోయాడు. ఆ రాత్రి నాతో అంది, నాన్నా, బాబాయికి చెయ్యి వణుకుతోంది, ఎవరికీ తెలియకుండా దాచుకుంటున్నాడు అని. నేను వాడితో నెలకు నాలుగుసార్లు కలిసి తింటాను. నా కంటపడలేదు. పక్కన కూర్చున్నవాడికి కనపడనిది ఎదురుగా వంగి వడ్డించేవాళ్లకు కనపడుతుంది.

అక్క: అవును, నాకూ అప్పుడే తెలిసింది. అది దగ్గరుండి నరాల డాక్టరుకు చూపించింది కదూ.

తమ్ముడు: చూపించింది. ఇప్పుడు మందులు వాడుతున్నాడు.

అక్క: మరి ఇదేమిట్రా? నీ నోటితో నువ్వే నా మాట చెప్పావు. నీ కూతురికి ఆ సంగతి తెలిసింది నలభై మంది తిన్న బంతిలోనే కదా! నువ్వు చెప్పినట్టు తలుపులు వేసుకుని ముగ్గురే తినుంటే చిన్నోడు ఆ రోజు మీ ఇంటికి వచ్చేవాడా? వాడి విస్తరి అది చూసేదా?

తమ్ముడు: చూసేది కాదు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ ఇంకొకటి అడుగుతాను. ఆ భోజనం పెట్టింది ఎప్పుడు? అమ్మాయి వచ్చిన వారానికి, ప్రయాణం నాడు కాదు. ఇంకా పది రోజులు చేతిలో ఉన్నాయి. అందుకే మర్నాడే బాబాయి ఇంటికి వెళ్లగలిగింది, డాక్టరు దగ్గర టోకెన్ తీసుకోగలిగింది. అదే చివరి రోజు తెలిసుంటే ఏం చేసేది? విమానంలో కూర్చుని ఏడ్చేది. నీ భోజనంలో వాడికి ఎన్ని తెలిసినా, సాయంత్రం రైలెక్కేవాడు ఏం చెయ్యగలడు?

అక్క: ఊఁ. అది నేను ఆలోచించలేదు. పెద్ద భోజనం అంటే సాగనంపేటప్పుడు పెట్టేదనే అనుకున్నాం అందరం.

తమ్ముడు: సాగనంపేటప్పుడు పెడితే అది వీడ్కోలు. వచ్చిన వారంలో పెడితే అది కలయిక. అప్పుడైతే ఎప్పుడొస్తావని ఎవరూ అడగరు, వచ్చే ఉన్నాడు కాబట్టి. ఎవరింటికి వెళ్లాలో, ఎవరితో ఇంకాసేపు కూర్చోవాలో ఆ బంతిలోనే తెలిసిపోతుంది. షుగరొచ్చి బూరె దగ్గర విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేవాళ్లెవరో, పళ్లు పోయి మెత్తని అన్నం వెతుక్కునేవాళ్లెవరో, మాటలు మానేసి దూరం దూరంగా కూర్చున్న అన్నదమ్ములెవరో. అయితే వాడు కూర్చుని తింటే ఇవేవీ కనపడవు. గరిటె పట్టుకుని తిరగాలి.

అక్క: వాడి కూతురికి కూడా ఏదో ఒకటి ఇవ్వొచ్చు. మన చిన్నప్పుడు ఉప్పు వడ్డించడం పిల్లల పనే. ఆ ఉప్పు గిన్నె పట్టుకుని తిరిగే కదా, ఎవరు పెద్దనాన్న, ఎవరు బాబాయి, ఎవరిని ఏమని పిలవాలో నేర్చుకున్నాం. ఈ పిల్లకు అందరూ అంకులూ ఆంటీలే. బొమ్మ ఇచ్చి లోపల కూర్చోబెడితే ఎలా తెలుస్తుంది?

తమ్ముడు: చూశావా, నాకంటే నువ్వే ముందుకెళ్లావు.

అక్క: అలాగని ఆఖరి రోజు మాట ఒప్పుకున్నానని అనుకోకు. వెళ్లే రోజు గుమ్మంలోకి వచ్చినవాళ్లను తినకుండా పంపడం నావల్ల కాదు. అందులోనూ మా తోడికోడలు. వచ్చే పండగ దాకా ఉంటానో లేదో అని ఆవిడే అంటుంటే, ఆవిడను పక్కన పెట్టి వాడికి పెరుగన్నం పెట్టమంటావా?

తమ్ముడు: ఆవిడ ఇంటి మనిషే అని నువ్వే అన్నావుగా, అన్నం కలిపి పెట్టిందని. ఆవిడ తప్పకుండా ఉండాలి. మిగతావాళ్లు సాయంత్రం వచ్చి, కాఫీ తాగి, దీవించి వెళ్తారు. మధ్యాహ్నం ఇంటివరకే. వంట కూడా తేలిగ్గా. కందిపొడి, నెయ్యి, పప్పుచారు, వడియాలు, పెరుగు. రాత్రంతా రైలు, ఆపైన ఒకరోజు విమానాలు. ఆవ పెట్టిన కూరా నాటుకోడీ తిని బయల్దేరితే దారిలో అవస్థ ఎవరిది?

అక్క: అది సరే. మరి సర్దే సంగతి? ఆవకాయ, సున్నుండలు, కరివేపాకు...

తమ్ముడు: కరివేపాకు ఆకుగా వద్దు. నిమ్మ జాతి చెట్లకు తెగులు మోసుకెళ్లే పురుగు దాని మీద బతుకుతుందని అమెరికాలో రానివ్వరు. పొడి చేసి ఇవ్వు. కోడి పచ్చడీ వద్దు, మాంసం కలిసినవి ఆపేస్తారు. ఏది పట్టుకెళ్లినా దిగాక దాచకుండా అధికారులకు చెప్పమను. మా అమ్మాయికైతే పాలకోవా కూడా ఇవ్వలేం, ఆస్ట్రేలియాలో పాల మిఠాయిలకు ఇంకా కట్టుదిట్టం. ఒక్కో పెట్టెకు 23 కిలోలే. ఇల్లంతా అందులో పట్టదు, పట్టించాలని చూడకు.

అక్క: మీ అమ్మాయి వెళ్లేటప్పుడు మీ ఆవిడ చలిమిడి చేసింది కదూ?

తమ్ముడు: చేసింది. రాత్రే బియ్యం నానబోసి, పొద్దున్నే వడకట్టి, పిండి పట్టించి, తడి ఆరకముందే బెల్లం పాకంలో పోసి కలిపింది. గసగసాలు, కొబ్బరి ముక్కలు వేసింది. ఆడపిల్ల పుట్టింటి నుంచి వెళ్తుంటే చలిమిడి పెట్టి పంపాలి కదా. అక్కడే కూర్చుని ఇంత తిని వెళ్లింది.

అక్క: నా కొడుకు పుట్టింటి నుంచి వెళ్లట్లేదా? అత్తారిల్లు పక్క ఊళ్లో ఉన్న రోజుల్లో ఆడపిల్లకు చలిమిడి పెట్టారు, కడుపు చల్లగా ఉండాలని. ఇప్పుడు కొడుకు సముద్రాలు దాటి వెళ్తుంటే వాడి కడుపు చల్లగా ఉండక్కర్లేదా? నేను వాడికి చేస్తాను. ఎవరేమన్నా సరే. నాతోపాటు పాకం దగ్గర వాడే నిలబడి కలుపుతాడు.

తమ్ముడు: అది నాకు తట్టనే లేదు. చెయ్యి అక్కా, తప్పకుండా చెయ్యి.

అక్క: ఇంకొకటి చెప్తాను, కోప్పడకు. ఎప్పుడొస్తావని నేను మాత్రం అడుగుతాను. నువ్వు చెప్పినవన్నీ నిజమే. ఏడు శాతమూ తెలుసు, లక్ష డాలర్లూ తెలుసు. అయినా అడుగుతాను. అడిగేవాళ్లు లేని ఇంటికి ఎవరూ తిరిగి రారు.

తమ్ముడు: నేను అడగను. రమ్మని ఇంటిని సిద్ధంగా ఉంచుతాను, అంతే. ఈ ఒక్క విషయంలో మన ఇద్దరికీ కుదరదులే.

అక్క: కుదరకపోతే పోనీ. రేపే పెద్దపండగ, పెద్దలకు పెట్టుకోవాలి. ఎల్లుండి కనుమ. కనుమ నాడు కాకైనా కదలదంటారు, అందరూ ఊళ్లోనే ఉంటారు. ప్రయాణం రోజు పిలుపులు మానేసి కనుమకే రమ్మని ఈ సాయంత్రం ఫోన్లు చేస్తాను. ఈసారికి వచ్చిన వారంలో కాకపోయినా, వెళ్లేలోపు రెండు రోజులైనా మిగులుతాయి వాడికి. పప్పు గిన్నె వాడి చేతికిస్తాను.

ఇద్దరిలో ఎవరి పక్షం న్యాయమని అడిగితే, మందిని పిలవడంలో అక్కది, రోజు ఎంచుకోవడంలో తమ్ముడిది అంటాను. చుట్టాలు లేని భోజనంలో బిడ్డకు తన వంశం కనపడదు. చివరి రోజు పెట్టిన పెద్ద భోజనంలో కనపడినా, దాన్ని పట్టుకునే సమయం ఉండదు. అంతకంటే ముఖ్యమైనది మూడోది. బిడ్డను కుర్చీలో కూర్చోబెట్టి మనం తిరుగుతున్నంత కాలం వాళ్లు మన ఇంటికి అతిథులే. అతిథికి ఎవరి కష్టమూ తెలియదు, ఎవరి పట్లా బాధ్యత ఉండదు. దూరదేశంలో రోజూ వండుకుని, కడుక్కుని, పిల్లల్ని పెంచుకుంటున్న ఆ చేతులు మన ఇంట్లో ఖాళీగా ఉండటం మర్యాద కాదు, నష్టం.

మీ పిల్లలు ఈ వేసవికో, వచ్చే పండక్కో వస్తుంటే ఇవి చెయ్యండి. నిద్ర సర్దుకున్న వెంటనే, వారం లోపే, అందరినీ పిలిచి భోజనం పెట్టండి. కొడుకైనా కూతురైనా, అల్లుడైనా కోడలైనా, వడ్డన వాళ్లకే అప్పగించండి. మనవలకు ఉప్పు గిన్నె ఇవ్వండి. వెళ్లే రోజు మాత్రం పొయ్యి త్వరగా ఆర్పేసి, ఇంటివాళ్లు మాత్రమే కలిసి తినండి. వండే తల్లి కూడా ఆ బంతిలోనే కూర్చోవాలి.